నల్ల బండ, తెల్ల పంచె, ఎర్ర పట్టు: సెకోనిక్ ఎల్-308ఎక్స్ లైట్ మీటర్ మన పనికి ఎంతవరకు

కడప నల్ల బండలు పరిచిన వసారా. అందులో ఉతికిన తెల్ల పంచె, తెల్ల చొక్కాతో ఓ పెద్దాయన. కెమెరాను అపర్చర్ ప్రయారిటీలో (లెన్సు తెరుపు మనం పెడితే షటర్ వేగం కెమెరాయే ఎంచుకునే పద్ధతి) పెట్టి దూరం నుంచి తీస్తే ఫ్రేములో నల్ల బండే ఎక్కువ. కెమెరా చీకటిగా ఉందనుకుని షటర్ నెమ్మది చేస్తుంది. బండ బూడిద రంగుకు తేలిపోతుంది, పంచె మడతలు బర్న్ అయిపోతాయి, అంటే వివరమంతా పోయి ఉత్త తెలుపే మిగులుతుంది. నాలుగడుగులు ముందుకెళ్లి ఫ్రేమంతా పంచె, చొక్కా వచ్చేలా తీస్తే ఈసారి తెలుపును తగ్గించబోయి ముఖాన్ని నల్లబరుస్తుంది. రెండు ఫోటోల మధ్య వసారాలో వెలుతురు మాత్రం మారనేలేదు.

కెమెరాలోని మీటరు వస్తువు మీద పడి తిరిగొచ్చే వెలుతురును చూస్తుంది, ఎదురుగా ఉన్నది ఏదైనా మధ్య రకం బూడిద రంగే అనుకుని లెక్క కడుతుంది. మ్యాట్రిక్స్, ఎవాల్యుయేటివ్ అని ఎన్ని పేర్లు పెట్టినా మూలం ఇదే. చేతిలో పట్టుకునే ఇన్సిడెంట్ మీటరు వస్తువును చూడదు. వస్తువు మీద పడే వెలుతురునే కొలుస్తుంది. అందుకే నల్ల బండకూ తెల్ల పంచెకూ ఒకే అంకె చెబుతుంది, ఆ ఒక్క అంకెతో రెండూ వాటి వాటి స్థానాల్లో కూర్చుంటాయి. నల్లరేగడి చేలో పత్తి ఏరేవాళ్లను, ఎర్రమట్టి మీద ఆరబోసిన వేరుశనగను తీసేవాళ్లకు ఈ తేడా రోజూ ఎదురయ్యేదే.

సెకోనిక్ ఎల్-308ఎక్స్ ఈ తరహా మీటర్లలో చిన్నది. చొక్కా జేబులో పడుతుంది, ఒక్క ఏఏ సెల్లుతో నడుస్తుంది. పైభాగాన తెల్లని అర్ధగోళం ఉంటుంది, అదే డోమ్. దాన్ని పక్కకు జరిపితే కెమెరాలా తిరిగొచ్చే వెలుతురును చూసే రిఫ్లెక్టెడ్ మీటరుగానూ పనిచేస్తుంది. అయితే అప్పుడు అది చూసే కోణం 40 డిగ్రీలు, అంటే చిన్న చోటును మాత్రమే చూసే స్పాట్ మీటరు కాదు. ఐఎస్ఓ (సెన్సరు వెలుతురుకు స్పందించే స్థాయి) 100 దగ్గర ఈవీ (వెలుతురు అంకె, ఒకటి పెరిగితే వెలుతురు రెండింతలు) 0 నుంచి 19.9 వరకు కొలుస్తుంది. షటర్ 1/8000 వరకు చూపిస్తుంది. ఫ్లాష్‌ను సింక్ వైరుతోనూ వైరు లేకుండానూ కొలుస్తుంది. అపర్చర్‌ను ఫుల్ స్టాపుల్లో (ఒక స్టాపు అంటే వెలుతురు రెండింతలు లేదా సగం కావడం) పెట్టుకుంటే ఎఫ్ 8 పక్కన చిన్న 5 కనబడుతుంది. అది ఎఫ్ 8.5 కాదు, ఎఫ్ 8 మీద ఇంకో అర స్టాపు. కొత్తగా వాడేవాళ్లు ఎక్కువగా తికమక పడేది ఇక్కడే. కెమెరా డయల్ మూడో వంతు స్టాపుల్లో తిరుగుతుంది కాబట్టి మీటరునూ మూడో వంతుకే మార్చుకోవడం మేలు.

పట్టుకోవడం తెలియకపోతే ఎంత మంచి మీటరైనా తప్పే చెబుతుంది. మనిషి గడ్డం కింద మీటరు పెట్టి, డోమ్‌ను కెమెరా వైపు తిప్పి బటన్ నొక్కాలి. మీ నీడ గానీ చేతి నీడ గానీ డోమ్ మీద పడకూడదు. తెల్ల చొక్కా వేసుకుని డోమ్‌కు దగ్గరగా నిలబడితే ఆ చొక్కా నుంచి ఎగిరే వెలుతురు కూడా లెక్కలోకి వస్తుంది, చేయి చాచి దూరంగా పట్టుకోవాలి. మనిషి దగ్గరికి వెళ్లలేనప్పుడు, అతని మీద పడే వెలుతురే మీ మీదా పడుతుంటే, ఉన్నచోటే డోమ్‌ను అదే దిక్కుకు తిప్పి కొలిచినా సరిపోతుంది. ఆయన వసారాలో ఉండి మీరు వాకిట్లో ఎండలో ఉంటే మాత్రం ఆ కొలత పనికిరాదు.

నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఇంకో చిక్కుంది. కర్నూలులో ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా ఉంటాడు. కెమెరా వైపు తిప్పిన డోమ్‌కు ఎండలో కొంత భాగమే తగులుతుంది. ఆ అంకెతో తీస్తే నుదురు, ముక్కు కొన, భుజాలు బర్న్ అవుతాయి. అప్పుడు రెండు కొలతలు తీసుకోండి, ఒకటి డోమ్‌ను సూర్యుడి వైపు తిప్పి, ఇంకోటి కెమెరా వైపు తిప్పి. రెండింటికీ మధ్య అంకెను కెమెరాలో పెట్టండి. ఎఫ్ 16, ఎఫ్ 8 వస్తే ఎఫ్ 11. కళ్ల కింద నీడను రిఫ్లెక్టరుతోనో ఫ్లాష్‌తోనో ఎత్తాలి తప్ప ఎక్స్‌పోజర్ పెంచి ఎత్తకూడదు.

మీటరు కొన్న మొదటి రోజే చేయాల్సిన పని దాన్ని మీ కెమెరాతో సరిచూసుకోవడం. చాలామంది ఇది చేయరు, తర్వాత మీటరునే తప్పుపడతారు. కెమెరా మీద రాసి ఉన్న ఐఎస్ఓ 100 అన్ని కంపెనీలకూ ఒకటి కాదు. 2006 నాటి ఐఎస్ఓ 12232 ప్రమాణం తయారీదారులకు రెండు కొత్త దారులు ఇచ్చింది. ఒక దారిలో 18 శాతం బూడిద రంగు ఎస్‌ఆర్‌జీబీ (మామూలు ఫోటోల రంగుల ప్రమాణం) ఫైల్లో, 0 నుంచి 255 వరకు ఉండే కొలతలో, 118 దగ్గర పడాలి. రెండో దారిలో ఎంత ఎక్స్‌పోజర్ తగినదో తయారీదారే సిఫారసు చేయవచ్చు. దీనికి తోడు లెన్సులో కొంత వెలుతురు పోతుంది. ఎఫ్ 2.8 అని రాసి ఉన్న జూమ్‌లో అద్దాల వరసలు ఎక్కువ, సెన్సరుకు చేరే వెలుతురు దానికి పావో మూడో వంతో స్టాపు తక్కువ. కెమెరా మీటరు లెన్సు లోపలినుంచి చూస్తుంది కాబట్టి ఆ లోటును తనే పూడ్చుకుంటుంది. చేతి మీటరుకు మీ లెన్సు సంగతి తెలియదు.

సరిచూసే పద్ధతి ఇది. నీడలో, వెలుతురు అంతటా సమంగా పడేచోట, 18 శాతం గ్రే కార్డును (పడిన వెలుతురులో 18 శాతం తిప్పిపంపే బూడిద రంగు అట్ట) నిలబెట్టండి. కార్డు ముందు డోమ్‌ను కెమెరా వైపు పెట్టి ఐఎస్ఓ 100 దగ్గర కొలవండి. కెమెరా మాన్యువల్‌లో ఉండాలి, లెన్సు ఎఫ్ 5.6 దగ్గర, షటర్ మీటరు చెప్పిన దగ్గర. పూర్తిగా తెరిచిన లెన్సు అంచుల్లో నల్లబడుతుంది కాబట్టి ఎఫ్ 2.8లో పరీక్షించకండి. కార్డు ఫ్రేము మధ్యలో పడేలా రా ఫైల్ (కెమెరా మెరుగులు దిద్దని ముడి ఫైల్) తీసి, కంప్యూటర్లో కాంట్రాస్ట్ కర్వ్ లేని ప్రొఫైల్‌తో తెరిచి, కార్డు మీద కర్సర్ పెట్టి చూడండి. 118 దగ్గర ఉంటే సరిగ్గా ఉన్నట్టే. 131 అయితే మూడో వంతు స్టాపు ఓవర్, 106 అయితే మూడో వంతు అండర్, 162 చూపిస్తే ఏకంగా ఒక స్టాపు ఓవర్. మూడో వంతు తేడా చాలా జతల్లో కనబడేదే, అది మీటరు లోపం కాదు. ఓవర్ వస్తే కెమెరాలో ఐఎస్ఓ 100 అలాగే ఉంచి మీటరులో 125 పెట్టుకోండి, అండర్ వస్తే 80. ప్రతి లెన్సుకూ ఒకసారి ఇలా చూసి ఆ అంకెను మూత లోపల మార్కరుతో రాసుకుంటే చాలు.

ఈ పరీక్షలో ఇంకో సంగతి కొందరిని కంగారు పెడుతుంది. డోమ్‌తో కొలిచాక డోమ్‌ను పక్కకు జరిపి అదే మీటరుతో గ్రే కార్డును చూస్తే అర స్టాపు, ఒక్కోసారి అంతకన్నా కొంచెం ఎక్కువ తేడా వస్తుంది. మీటరు పాడైందనుకోకండి. సెకోనిక్ రిఫ్లెక్టెడ్ కొలతకు కె స్థిరాంకం (కొలిచిన వెలుతురును ఎక్స్‌పోజర్‌గా మార్చే లెక్కలోని అంకె) 12.5, డోమ్‌కు సి స్థిరాంకం 340 వాడుతుంది. ఈ రెండు లెక్కలు సరిగ్గా 18 శాతం దగ్గర కలవవు, అంతకంటే ముదురు బూడిద రంగు దగ్గర కలుస్తాయి. కాబట్టి కార్డును చూసి కొలిస్తే డోమ్ చెప్పినదానికంటే తక్కువ ఎక్స్‌పోజర్ వస్తుంది. రెండింటిలో ఒక పద్ధతిని ఎంచుకుని దానికే కెమెరాను సరిచేసుకోండి, ఉదయం ఒకటి సాయంత్రం ఒకటి వాడొద్దు.

ఇక రంగుల విషయం. ఇక్కడ మీటరు సగం పనే చేస్తుంది. ధర్మవరం పట్టుచీరలో నిండు ఎరుపు, కుంకుమ, బంతిపూల దండ, ఇవన్నీ ఒక్క రంగు చానల్‌నే (ఫోటోలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం పొరల్లో ఒకదాన్నే) బలంగా నింపుతాయి. డోమ్ చెప్పిన ఎక్స్‌పోజర్‌లో ముఖం సరిగ్గా ఉంటుంది, కానీ చీరలో ఎరుపు చానల్ 255కు తగిలి ఆగిపోతుంది. ఫలితంగా చీర మీద మడతలు, నేత గీతలు మాయమై ఎర్ర రంగు పూసినట్టు చదునుగా కనబడుతుంది. పసుపు బల్బుల వెలుతురులో ఇది మరీ ఎక్కువ, ఆ వెలుతురులోనే ఎరుపు పాలు అధికం కాబట్టి. కెమెరా తెర మీద చూపే ఒంటి తెల్ల హిస్టోగ్రామ్‌లో (ఫోటోలో చీకటి నుంచి వెలుగు దాకా ఏది ఎంతుందో చూపే పటం) ఈ సంగతి కనబడకపోవచ్చు. దాన్ని లెక్కించడంలో ఆకుపచ్చ చానల్‌కే ఎక్కువ బరువు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు విడివిడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ ఆన్ చేసుకోండి. ఎరుపు కొండ కుడి గోడకు ఆనుకుంటే మీటరు చెప్పినదానికంటే మూడో వంతు నుంచి రెండు మూడో వంతుల స్టాపు తగ్గించి, రా ఫైల్లో ముఖాన్ని పైకెత్తుకోండి. జేపీఈజీ మాత్రమే తీసేవాళ్లు పిక్చర్ స్టైల్‌లో శాచురేషన్, కాంట్రాస్ట్ రెండూ ఒక మెట్టు తగ్గిస్తే చాలాసార్లు అంత తగ్గించే పని ఉండదు. వివిడ్ స్టైల్‌తో ఎర్రచీర తీయకండి.

తెల్ల బట్ట లెక్క వేరు. 90 శాతం వెలుతురును తిప్పిపంపే తెలుపు, 18 శాతం బూడిద కంటే 2.3 స్టాపులే ఎక్కువ. మీటరు సరిచేసి ఉంటే ఉతికిన పంచె సరిగ్గా హద్దుకు లోపల పడుతుంది, మడతలు కనబడతాయి. జరీ మెరుపు, నగ మీద లైటు చుక్క ఆ హద్దు దాటుతాయి. వాటిని దాటనివ్వాలి. జరీ చుక్కను కాపాడబోయి ఎక్స్‌పోజర్ తగ్గిస్తే చీర మొత్తం మసకబారుతుంది.

చర్మపు రంగు గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. చామనఛాయ ముఖంతో ఫ్రేము నిండితే కెమెరా దాన్ని తేలిక చేస్తుంది, తెల్లని ముఖాన్ని ముదురు చేస్తుంది. పెళ్లి ఆల్బమ్‌లో ఒకే అక్కాచెల్లెళ్లు ఒక పేజీలో ఒక రంగు, మరో పేజీలో ఇంకో రంగు కనబడటానికి ముఖ్య కారణం ఇదే. డోమ్‌తో కొలిచి మాన్యువల్‌లో ఉంచితే ఎవరి ఛాయ వాళ్లకే ఉంటుంది, పక్కపక్కన నిలబడ్డ ఇద్దరి మధ్య తేడా కూడా ఉన్నది ఉన్నట్టే వస్తుంది. ముఖం తెల్లగా రావాలని అడిగే ఇళ్లున్నాయి, నిజమే. ముందు సరైన ఎక్స్‌పోజర్ చేతిలో ఉంటే తర్వాత అర స్టాపు ఎత్తడం నిమిషం పని. మొదటే ఓవర్ చేసిన నుదుటిని వెనక్కి తెచ్చే దారి లేదు.

కల్యాణ మండపంలో ఫ్లాష్‌లు వాడేవాళ్లకు ఈ మీటరు ధర నిజంగా గిట్టుబాటయ్యేది. ముందు మెయిన్ లైటు ఒక్కటే వెలిగించి గడ్డం దగ్గర కొలవండి, ఎఫ్ 8 వచ్చిందనుకుందాం. దాన్ని ఆపి, నీడను తేలిక చేసే ఫిల్ లైటు ఒక్కటే కొలవండి. ఎఫ్ 4 వస్తే రెండు స్టాపుల తేడా, ముఖం మీద నీడ గట్టిగా పడుతుంది. ఎఫ్ 5.6 వస్తే ఒక స్టాపు, పెళ్లి గ్రూపు ఫోటోలకు ఇది సరిపోతుంది. చివరికి రెండూ వెలిగించి కొలిచిన అంకెనే కెమెరాలో పెట్టాలి. గ్రూపు ఫోటోకు మధ్యలో ఒక్కచోట కొలిచి ఊరుకోవద్దు. వరస ఎడమ చివర, మధ్య, కుడి చివర మూడుచోట్లా చూడండి. చివర్లలో అర స్టాపు కంటే ఎక్కువ పడిపోతే లైటు గొడుగును వెనక్కి జరిపి ఎత్తు పెంచండి. దూరం రెండింతలైతే వెలుతురు రెండు స్టాపులు తగ్గుతుంది కాబట్టి లైటు దగ్గరగా ఉన్నంతసేపూ ఈ తేడా పోదు.

ఫ్లాష్ కొలతలో తప్పు వచ్చే చోట్లు కొన్ని ఉన్నాయి. ఫ్లాష్ టీటీఎల్‌లో (ఫ్లాష్ పవర్‌ను కెమెరాయే నిర్ణయించే పద్ధతి) ఉంటే అసలు మెరుపుకు ముందు చిన్న ప్రీఫ్లాష్ వస్తుంది. మీటరు దాన్నే పట్టుకుని తక్కువ అంకె చూపిస్తుంది. ఫ్లాష్‌ను మాన్యువల్ పవర్‌కు మార్చాకే కొలవాలి. మీటరులో షటర్ కెమెరాలో ఉన్నదే ఉండాలి, లేకపోతే మండపం లైట్ల వాటా లెక్క తప్పుతుంది. ఆ వాటా ఎంతో, ఫ్లాష్ వాటా ఎంతో ఈ మోడల్ శాతంలో చూపించదు, పై మోడళ్లలో ఆ సౌకర్యం ఉంది. హై స్పీడ్ సింక్‌ను కూడా ఇది కొలవదు. 1/200 లేదా 1/250 దాటి ఎండలో ఫ్లాష్ వాడే అలవాటున్నవాళ్లు దీన్ని కొనేముందు ఆలోచించుకోవాలి.

మండపంలో ఎల్‌ఈడీ లైట్లు, ట్యూబులైట్లు ఇంకో తలనొప్పి. మన కరెంటు 50 హెర్ట్జ్, నాసిరకం లైట్లు సెకనుకు 100 సార్లు వెలుగు పెంచుతూ తగ్గిస్తూ ఉంటాయి. మీటరు సగటు చెబుతుంది, అది సరైన అంకే. కానీ షటర్ 1/500 పెడితే ఒక ఫోటో ఓవర్, పక్క ఫోటో అండర్, కొన్నింట్లో అడ్డపట్టీలు. 1/100 లేదా 1/50కి దిగితే సర్దుకుంటుంది. స్టేజీ మీద నీలం, గులాబీ పార్ లైట్లు వెలిగినప్పుడు మాత్రం మీటరు మాటను పూర్తిగా నమ్మకండి. దాని స్పందన మనిషి కంటికి దగ్గరగా ఉండేలా తయారు చేస్తారు, నీలాన్ని తక్కువగా లెక్కిస్తుంది. అక్కడ ఆర్‌జీబీ హిస్టోగ్రామ్‌నే ఆధారం చేసుకోవాలి.

పట్టుచీరల కేటలాగు తీసేవాళ్లకు ఒక సూచన. వేలాడదీసిన చీర నాలుగు మూలల్లో, మధ్యలో కొలిచి తేడా 2/10 స్టాపు లోపల ఉండేలా లైట్లు సర్దండి. ఇలాంటి చదును వస్తువులకు డోమ్ కంటే లూమిడిస్క్ అనే చదునైన మూత సరైనది. పెట్టెలో వస్తుందో విడిగా కొనాలో ముందే చూసుకోండి. నగలను మ్యాక్రో లెన్సుతో అసలు సైజులో తీస్తే రెండు స్టాపులు పోతాయి, మెరుపు తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ పెడితే ఒకటిన్నర నుంచి రెండు. చేతి మీటరుకు ఇవేవీ తెలియవు, మీరే కలపాలి.

గండికోటలో ఈ మీటరును సంచిలో పెట్టేయండి. సాయంత్రం పెన్న లోయ ఒక గోడ మీద ఎర్రటి ఎండ, ఎదురు గోడ నీడలో. మీరు నిలబడ్డ అంచు మీద పడే వెలుతురు ఆ రెండింటిలో దేనిదీ కాదు, అవతలికి వెళ్లి కొలవలేరు కూడా. కెమెరా స్పాట్ మీటరుతో ఎండ గోడను చూసి, ఎరుపు చానల్ చూసుకుంటూ, ఒక్కో స్టాపు తేడాతో మూడు ఫ్రేములు తీసుకోవడం మంచి దారి. బెలుం గుహల్లోనూ అంతే. దీపాలకు దూరంగా వెలుతురు ఈవీ 0 కిందకు పోతే మీటరు అంకె చూపలేదు. ఈవీ 0 అంటేనే ఐఎస్ఓ 100, ఎఫ్ 2.8 దగ్గర 8 సెకన్లు. అక్కడ కెమెరాలో ఒక పరీక్ష ఫోటో తీసి చూడటమే తొందరగా అయ్యే పని.

మరి గ్రే కార్డు ఉంటే చాలదా? వందల రూపాయల్లో దొరుకుతుంది, కెమెరా స్పాట్ మీటరుతో దాన్ని చూస్తే లెన్సు, ఫిల్టర్, మ్యాక్రో లోటు అన్నీ తనంతట తనే లెక్కలోకి వస్తాయి, వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా వచ్చేలా చేసే రంగుల సర్దుబాటు) కూడా దానితోనే పెట్టుకోవచ్చు. ఫ్లాష్ వాడకుండా మనుషులను, వస్తువులను తీసేవాళ్లకు మొదట కార్డే చెబుతాం. కార్డును కెమెరాకూ ముఖ్యమైన వెలుతురుకూ నడిమి దిక్కుకు తిప్పి పట్టుకోవాలి. తళుక్కుమనేలా వంచితే స్టాపు దాకా తప్పుతుంది. మురికిపట్టిన, పసుపు అంటిన కార్డు వైట్ బ్యాలెన్స్‌కు పనికిరాదు. కార్డు కూడా లేకపోతే అరచేతిని స్పాట్‌తో చూసి ఒక స్టాపు పెంచండి. మీ అరచేతికి ఎంత పెంచాలో ఒకసారి కార్డుతో పోల్చి గుర్తుపెట్టుకుంటే బాగా పనికొస్తుంది.

వాడకంలో జాగ్రత్త చెప్పాల్సింది డోమ్ గురించే. పెళ్లింట్లో పసుపు అంటిన వేళ్లతో పట్టుకుంటే డోమ్ పచ్చబడుతుంది, వెలుతురు కొంత ఆగి కొలత మారుతుంది. మెత్తని పొడి గుడ్డతో వెంటనే తుడవాలి, స్పిరిట్ వాడకూడదు. ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే వేడికి తెర నల్లబడుతుంది. నెలల తరబడి వాడకపోతే సెల్లు తీసేయండి, కారిందంటే కాంటాక్టులు తుప్పుపడతాయి.

ఫ్లాష్‌లతో పెళ్లిళ్లు, స్టూడియో పోర్ట్రెయిట్లు, చీరల కేటలాగులు చేసేవాళ్లు కొనవచ్చు. ప్రకృతి దృశ్యాలు, వేదిక మీది నాటకాలు, పక్షులు తీసేవాళ్లకు అక్కర్లేదు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు డబ్బు ఇచ్చేముందు ఒక్క పరీక్ష చేయండి. మబ్బు లేని రోజు ఉదయం 10 గంటల ప్రాంతంలో ఆరుబయట ఐఎస్ఓ 100, షటర్ 1/125 పెట్టి, డోమ్‌ను నేరుగా సూర్యుడి వైపు తిప్పి కొలవండి. ఎఫ్ 16కు అటూ ఇటూ అర స్టాపు లోపల రావాలి. తర్వాత నీడలోకి, గది లోపలికి వెళ్లి, ముందే సరిచూసిన కెమెరాతో, గ్రే కార్డుతో పోల్చండి. ఎండలో సరిగ్గా చూపి గదిలో స్టాపు తప్పుతున్న మీటరును ఐఎస్ఓ మార్చి సరిదిద్దలేరు, దాన్ని తీసుకోవద్దు. రెండుచోట్లా ఒకే తేడా ఉంటే నిశ్చింతగా తీసుకోండి.